చందమామ దాసరిగారు మీ బడికి వస్తే

కళ్యాణదుర్గం

చిరంజీవి పాపకు,

జేజినాయన ఆశీర్వదించి రాసేది. నీ ఉత్తరం చేరింది.

సెలవులిచ్చేలోగా పిల్లలకు ఒక ఆట పెడతానన్నావు. కాలం చేసిన కథారచయిత ఒకరు ఒక్క పూట మన బడికి వస్తే ఆయనతో ఏం మాట్లాడతారో రాయమంటావు. నీ చిన్నప్పుడు నేను చదివి వినిపించిన చందమామ సీరియల్ ‘శిథిలాలయం’ గుర్తుపెట్టుకుని దాసరి సుబ్రహ్మణ్యం గారినే ఎంచుకున్నందుకు సంతోషం. ఎట్లా రాయించాలి తాతా అని అడిగావు కాబట్టి నాకు తోచింది చెబుతాను. పాటించేదీ మానేదీ నీ ఇష్టం, బడి నీది.

అన్నిటికంటే ముందు ఆయన పేరు పిల్లల చేత పలికించు. ఎందుకంటావా? ఆయన 1932లో పుట్టారు. ఇరవై ఏళ్ళ వయసులో, 1952లో, మద్రాసులో చందమామ పిల్లల పత్రిక కొలువులో చేరారు. యాభై ఏళ్ళకు పైగా అక్కడే పనిచేశారు. 1954లో మొదలైన ‘తోకచుక్క’ దగ్గర్నుంచి 1980 ప్రాంతంలో ముగిసిన ‘భల్లూక మాంత్రికుడు’ దాకా డజను సీరియళ్ళు రాశారు. మకరదేవత, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, యక్షపర్వతం, మాయాసరోవరం అన్నీ ఆయనవే. అన్ని రాసినా సీరియల్ మీద పేరుండేది కాదు. కొలువులో ఉన్నవాళ్ళు రాసినదానికి పేరు వేయకపోవడం ఆ పత్రిక పద్ధతి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా చందమామను దగ్గరుండి నడిపిన కొడవటిగంటి కుటుంబరావు గారి పేరు కూడా సంపాదకుడిగా ఎక్కడా కనబడదు. బొమ్మల కింద మాత్రం చిత్ర, శంకర్, వపా అని సంతకాలుండేవి. అందువల్ల బొమ్మ వేసినాయన ఎవరో మాకు తెలుసు. కథ రాసినాయన ఎవరో తెలియదు. మాలాంటి పాఠకుల్లో చాలామందికి ఆ పేరు తెలిసేనాటికి ఆయనకు డెబ్బై దాటింది. 2010 జనవరిలో విజయవాడలో పోయారు.

ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ అని స్వీడన్‌లో పిల్లల రచయిత్రి ఉండేవారు. ఆమెకు దేశదేశాల పిల్లలు రాసిన ఉత్తరాలను స్టాక్‌హోంలోని జాతీయ గ్రంథాలయంలో భద్రం చేశారు. దాసరి గారికి మన పిల్లలు ఉత్తరం రాయాలనుకున్నా కవరు మీద ఏమని రాస్తారు? అందుకని ముందు పేరు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, పక్కన పుస్తకం పెట్టి, ఇది ఈయన రాసిందని చూపించు.

ఇక మాటల సంగతి. పెద్దవాళ్ళకు అభిమాన రచయిత ఎదురైతే నోటికొచ్చేవి మూడే. నేను మీ వీరాభిమానినండీ. ఆ రోజులే వేరండీ. ఇప్పటి పిల్లలు చదవరండీ. మొదటిదాంట్లో కబురేమీ లేదు. రెండోది మనల్ని మనం ఓదార్చుకోవడం. మూడోది రచయితను అడ్డం పెట్టుకుని పిల్లల్ని తిట్టడం. ఈ మూడూ నీ బడిలో వినబడకుండా చూడు. పిల్లలకవి పుట్టుకతో రావు, మనమే నేర్పుతాం. నువ్వు బోర్డు మీద ‘మీ కథలు నాకు చాలా నచ్చాయి’ అని ఒక నమూనా రాశావంటే ముప్పై ఉత్తరాల్లో ముప్పైసార్లూ అదే వస్తుంది.

మరి ఏం చెప్పాలి? ఆయన రాసింది మన దగ్గరికొచ్చి ఏం చేసిందో చెప్పాలి. రచయితకు తాను రాసింది తెలుసు. అది యాడికి పోయిందో, ఎవరు చదివారో, చదివేటప్పుడు పక్కన ఏం జరుగుతోందో తెలియదు. అది పాఠకుడు చెబితేనే తెలుస్తుంది. 

నాకే ఆ అవకాశం వస్తే ఏం చెబుతానో రాస్తాను, పిల్లలకు చదివి వినిపించు.

అయ్యా, మాది ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని నేల. శెనక్కాయ ఒక్కటే పంట. ముంగారుకు ముందు విత్తనాల కోసం మూటలు విప్పి కాయలు వలిచేవాళ్ళు. నీళ్ళు చిలకరిస్తే పొట్టు మెత్తబడుతుంది. పగలంతా ఎండ కాబట్టి ఆ పని పొద్దుగూకినాక పెట్టుకునేవాళ్ళు. కొలతకింత అని కూలి. ఆడవాళ్ళూ పిల్లలూ లాంతరు చుట్టూ కూర్చునేవాళ్ళం. బొటనవేలి గోరు కింద మండుతుండేది. విత్తనాలు నోట్లో వేసుకుంటే రైతమ్మ ఊరుకునేది కాదు. మా చిన్నాయన హైస్కూలు నుంచి చందమామ తెచ్చేవాడు. నాకు చదవడం వచ్చు కాబట్టి వలిచే పని తప్పించి నన్ను లాంతరు పక్కన కూర్చోబెట్టేవాళ్ళు. మీ శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి అడవిలో పడి పోతుంటే ఇక్కడ చేతులు ఆగకుండా ఆడేవి. సరిగ్గా ప్రాణం మీదికొచ్చిన చోట మీరు ‘ఇంకా వుంది’ అని ఆపేసేవారు. మా పక్కింటి అవ్వకు అక్షరం ముక్క రాదు. ‘యాందప్పా, ఆడ నిలబెట్టేస్తే ఎట్లా? ఆ రాసినోన్ని పిలుచుకోని రా’ అని నా మీద కోప్పడేది. నెల తిరిగేదాకా రోజూ అడిగేది, ఆ పిల్లోళ్ళు బతికినారా లేదా అని. ఆ ఏడు వాన రాలేదు. వలిచిన విత్తనం కొంత అమ్ముకున్నారు, కొంత తిన్నారు. కథ మాత్రం నెల నెలా వచ్చింది. అయ్యా, మీకు చదువురాని పాఠకురాలు ఒకామె మా ఊళ్ళో ఉండేదని చెప్పడానికి వచ్చాను.

అంతే పాపా. ఇందులో పొగడ్త ఎక్కడైనా ఉందా? కానీ ఏ రచయితైనా ఇంటికి పోయి తలుచుకునేది ఈ మాటే అని నా నమ్మకం. నీ పిల్లల్లో కొందరి అమ్మానాన్నలు బెంగళూరులో పనికి పోయి ఉంటారు, వాళ్ళు అవ్వల దగ్గర పెరుగుతుంటారు. అట్లాంటి పిల్లవాడు ఆ పుస్తకాన్ని యాడ కూర్చుని చదివాడో, ఎవరికి చదివి వినిపించాడో రాయమను. ఎవరికీ వినిపించలేదంటే అదే రాయమను. రాసేది ఇంటి మాటలోనే రాయనీ. ‘యాడికి పోయినాడు’ అని రాస్తే దిద్దవద్దు. అక్షరదోషాలు దిద్దే రోజులు వేరే ఉన్నాయి.

పొగడ్త తర్వాత అందరికీ గుర్తొచ్చేది ప్రశ్న. ‘మీకు ఈ ఆలోచన ఎట్లా వచ్చింది?’ అని అడిగితే ఏ రచయిత దగ్గరా జవాబుండదు. పుస్తకంలో వేలు పెట్టి చూపించి అడిగే ప్రశ్న కావాలి. దానికి మళ్ళీ పుస్తకం తెరవాలి, అందులోనే నీ పని సగం అయిపోతుంది. నాకు తోచిన ప్రశ్న ఒకటి చెబుతాను. పాతాళదుర్గంలో ధూమక సోమకులు. రాకాసిలోయలో కేశవుడు, జయమల్లు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. యక్షపర్వతంలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు. అయ్యా, ప్రతిసారీ ఇద్దరెందుకు?

ఈ ప్రశ్న పిల్లలకే వదిలెయ్యి. మా కాలంలో మేము అనుకున్నది ఇది: ఒక్కడే అడవిలో పోతుంటే వాడి మనసులో మాట ఎవరితో అంటాడు? ఇద్దరుంటే మాట్లాడుకుంటారు, ఒకడు తొందరపడితే ఇంకొకడు ఆపుతాడు, గండం దాటినాక నవ్వుకుంటారు. చదివే పిల్లవాడు కూడా ఒక్కడే కాదు, పక్కన జతగాడు ఉంటాడు. నువ్వు శిఖి, నేను విక్రమ అని పంచుకోవడానికి వీలుంటుంది. నీ బడిలో ఇంకో జవాబు రావచ్చు, అది మాకంటే మేలైనది కావచ్చు.

ఒక భాగం తీసి అందరూ కలిసి చదివితే ఇంకా చాలా కనబడతాయి. మొదట జరిగిన కథ నాలుగు ముక్కల్లో చెప్పేస్తారు, పోయిన నెల పుస్తకం దొరకనివాడు కూడా వెనకబడకూడదని. ఊళ్ళో ఒక్క ప్రతి చేతులు మారుతూ తిరిగే చోట అది ఎంత పెద్ద ఉపకారమో ఆలోచించు. వాక్యాలు పొట్టిగా ఉంటాయి. కథ మధ్యలో ఆగి నీతి చెప్పరు. మంత్రగాడు ఎంత బలవంతుడైనా మనిషి తెలివికి ఏదో ఒక సందు ఉంటుంది. ఇవి పిల్లలు కనిపెట్టి అడిగితే ప్రశ్నలవుతాయి, నువ్వు చెబితే పాఠమవుతుంది.

నీ ఉత్తరం చివర ఒక సంగతి కాస్త బెరుకుగా రాశావు. ఆట గురించి చెప్పగానే ఒక పిల్లవాడు ‘ఇంతమంది మాంత్రికులున్నారు కదా, వాన తెప్పించేవాడు ఒక్కడైనా ఎందుకు లేడు?’ అన్నాడనీ, ఒక పాప ‘కత్తి అంతా మగపిల్లోళ్ళ చేతిలోనే ఎందుకుండాల?’ అన్నదనీ, ఇట్లాంటివి పెద్దాయనను అడగవచ్చా అనీ. అడగవచ్చు. అడగాలి. నీకొచ్చిన వాటిలో అవే అసలైన ప్రశ్నలు. వాన గురించి అడిగినవాడు ఆ కథను మన నేల మీదికి తెచ్చుకున్నాడు, లేకపోతే ఆ లోటు వాడికి కనబడదు. ఆ పాప అడిగింది న్యాయమైన ఫిర్యాదు. ఆ సీరియళ్ళలో సాహసాలు చేసేది ఎక్కువగా మగపిల్లలే. మేము మగపిల్లలం కాబట్టి మాకు అది తట్టనే లేదు. గౌరవమంటే తప్పు పట్టకపోవడం కాదు, చదివి నిలదీయడం. ఇష్టం లేని రచయితను ఎవరూ నిలదీయరు.

ఒక్క పని మాత్రం చేయొద్దు. పిల్లలు ఉత్తరాలు రాశాక దాసరి గారి తరఫున నువ్వు జవాబులు రాయాలనిపిస్తుంది, టీచర్లకు ఆ ఉబలాటం ఉంటుంది. వద్దు. పోయినాయన నోట్లో మన మాటలు పెట్టే హక్కు మనకు లేదు. ఆ పాపను ‘అయితే నువ్వే రాయి, కత్తి పట్టిన అమ్మాయి కథ’ అను. ఆ పిల్లవాణ్ణి వాన మాంత్రికుణ్ణి పుట్టించమను. ప్రశ్నకు ఆయన ఇవ్వలేని జవాబు వాళ్ళు రాయవచ్చు.

పల్లె పిల్లలు కథలు రాయగలరా అని ఎవరైనా అంటే చెన్నేకొత్తపల్లి పేరు చెప్పు. 2008లో అక్కడి నుంచి ‘కొత్తపల్లి’ అని పిల్లల పత్రిక మొదలైంది. మన కరువు నేల పిల్లలే రాసి, బొమ్మలు వేసిన కథలు అందులో వచ్చాయి. పాత సంచికలు సంపాదించి నీ గదిలో తాడు కట్టి వేలాడదీయి. అసలు చందమామను 1947 జులైలో చక్రపాణి గారితో కలిసి మొదలుపెట్టిన బి. నాగిరెడ్డి గారిది మన పక్క కడప జిల్లా పొట్టిపాడు. పిల్లల కథలంటే ఎక్కడో కాలువల కింద ఊళ్ళలో పుట్టేవని మనవాళ్ళు అనుకోనక్కర్లేదు.

చివరిగా చెప్పేదే ముఖ్యమైనది. చందమామ పాత బొమ్మల మనిషి, భుజాన శవంతో నడిచే విక్రమార్కుణ్ణి గీసిన శంకర్ గారు 2020 సెప్టెంబరులో పోయారు. ఆయనకప్పుడు 96 ఏళ్ళు. ఆ తరంలో మిగిలినవాళ్ళు ఇక లేరనే అనుకోవాలి. వాళ్ళు పోయినప్పుడల్లా పత్రికల నిండా ‘మా బాల్యాన్ని వెలిగించారు’ అని రాసినవాళ్ళు ఎందరో. అందులో సగం మంది ఆ మాటే ఒక కార్డు మీద రాసి వాళ్ళు బతికుండగా పోస్టులో వేసి ఉంటే, ఇంటి అరుగు మీద కూర్చుని చదువుకునేవాళ్ళు కదా.

కాబట్టి నీ ఆటలో రెండో భాగం కలుపు. ఒక్కొక్కరి చేత రెండు ఉత్తరాలు రాయించు. మొదటిది దాసరి గారికి, అది బడి గోడకు అంటించు. రెండోది బతికున్న రచయితకు. కర్నూలులో ఎం. హరికిషన్ గారున్నారు, రాయలసీమ జానపద కథలను మన మాటలోనే పిల్లలకు రాస్తారు. నీ పిల్లలు చదివిన ఇంకెవరైనా సరే, ఆ బొమ్మలు వేసినవాళ్ళైనా సరే. చిరునామా ప్రచురణకర్తను అడిగితే చెబుతారు. అక్కడ కూడా పొగడ్త వద్దు. ఏ పేజీ, ఎవరితో చదివాము, ఏం జరిగింది, ఏం నచ్చలేదు, అంతే. జవాబు వస్తుందని పిల్లలకు మాట ఇవ్వకు. వస్తే సంతోషం, రాకపోతే కార్డు చేరిందనుకోవాలి.

గోడకు అంటించేవి ఆలస్యమైనా పరవాలేదు పాపా. పోస్టులో వేయాల్సినవి మాత్రం ఈ వారంలోనే వేయించు.

ఆశీస్సులతో,
నీ జేజినాయన