పురుగుకీ లెన్స్‌కీ మధ్య దూరం

నోవై, మిషిగన్
ఆగస్టు 24

చి. అమ్ములుకు పెదనాన్న ఆశీస్సులు.

నికాన్ 60 మైక్రో లెన్స్ కొనాలా, 105 కొనాలా అని అడిగావు. ఫోన్లో చెబితే అంకెలన్నీ కలగాపులగం అవుతాయని రాస్తున్నాను. నా మాట ముందే చెప్పేస్తా: నీ డీ5600 కెమెరాకి ఆ రెండూ వద్దు, 85 మైక్రో తీసుకో. ఎందుకో నిదానంగా చదువు.

ఈ లెన్స్‌లన్నీ ఒకటికి ఒకటి ఇస్తాయి. పురుగు ఎంత ఉందో సెన్సర్ మీద దాని బొమ్మా అంతే పడుతుంది. నీ కెమెరా సెన్సర్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు కాబట్టి అంత పొడవున్న పురుగు ఫొటో నిండా వస్తుంది. 40 కొన్నా 105 కొన్నా ఈ లెక్క మారదు. అంకె పెద్దదైతే పురుగు ఇంకా పెద్దగా కనిపిస్తుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మారేది నువ్వు ఎంత దూరంలో ఉండొచ్చన్నదే. ఒకటికి ఒకటి దగ్గర 40 లెన్స్ ముందు అద్దానికీ పురుగుకీ మధ్య 4 సెంటీమీటర్లు కూడా మిగలవు. 60కి 5 మిగులుతాయి, 85కి సుమారు 14, 105కి 15. కంపెనీవాళ్లు చెప్పే కనీస దూరం చూసి లెక్క వేసుకోకు. అది సెన్సర్ నుంచి కొలిచింది, లెన్స్ పొడవు కూడా అందులోనే ఉంటుంది.

60కీ 105కీ మధ్య ఉన్న ఆ పది సెంటీమీటర్ల తేడా ఏం చేస్తుందో ఈ నెలంతా మా పెరట్లో చూస్తున్నాను. ఇది ఇక్కడ మోనార్క్ సీతాకోకచిలుకల కాలం. వచ్చే నెలలో అవి మెక్సికో కొండలకి బయలుదేరతాయి. వాటి గొంగళిపురుగులు మిల్క్‌వీడ్ మొక్క ఆకులే తింటాయి. ఆ మొక్క మన జిల్లేడుకి చుట్టం, తుంచితే పాలు కారతాయి. ఆకు తింటున్న గొంగళికి నువ్వు ఎంత దగ్గరగా వెళ్లినా పట్టదు, దానికి ఏ లెన్స్ అయినా చాలు. సీతాకోకచిలుక అలా కాదు, దాని మీద నీ నీడ పడగానే లేస్తుంది. వాల్డ్ లేక్ ఒడ్డున లేక్‌షోర్ పార్కులో తూనీగలు ఇంకా గడుసువి.

బాపట్లలో నీకు ఇదే పాఠం జిల్లేడు దగ్గర దొరుకుతుంది. మోనార్క్‌కి దగ్గరి బంధువు ఒకటి, నారింజ రంగు రెక్కలది, మనవైపు జిల్లేడు మీద గుడ్లు పెడుతుంది. దాని గొంగళికీ మోనార్క్ గొంగళిలాగే నలుపు, తెలుపు, పసుపు చారలుంటాయి. మోనార్క్ గొంగళికి రెండు జతల కొమ్ములైతే దీనికి మూడు జతలు. లెన్స్ రాగానే ముందు దీన్ని తియ్యి. జిల్లేడు పాలు మాత్రం కంట్లో పడనీయకు, చూపుకే ప్రమాదం. మొక్క ముట్టుకున్న చేత్తో కళ్లు నలుపుకోకు.

ఇక నీ వ్యవసాయ చదువు సంగతి. మొక్కజొన్నలో కత్తెర పురుగు 2018లో మన దేశానికి వచ్చింది. దాన్ని గుర్తుపట్టేది తల మీద తలకిందులుగా ఉన్న వై గుర్తుతో, తోక వైపు చదరంగా ఉండే నాలుగు చుక్కలతో. ఆ గుర్తులు స్పష్టంగా పడితే నీ ఫొటో రైతుకి పనికొస్తుంది, లేకపోతే అది ఏదో ఒక పురుగు బొమ్మ, అంతే. ఆ పురుగేమో మొక్కజొన్న సుడిలోకి దూరి కూర్చుంటుంది. 5 సెంటీమీటర్ల దూరం నుంచి తీయబోతే లెన్సే వెలుతురుకి అడ్డు పడుతుంది. నేను 60 వద్దన్నది ముఖ్యంగా ఇందుకే.

105 మంచి లెన్సే. కానీ అది సుమారు 720 గ్రాములు, 85 అందులో సగం, 355. చేలో పొద్దున్నుంచి వంగి నిలబడే పిల్లకి ఆ బరువు చిన్న విషయం కాదు. 85 నీ కెమెరాలాంటి చిన్న సెన్సర్ కెమెరాల కోసం చేసినది, రేపు ఫుల్ ఫ్రేమ్ కొంటే సరిగా సరిపోదు. ఆ రోజు వచ్చినప్పుడు చూసుకుందాం.

ఎవరైనా పాత 60 డీ రకం చవగ్గా ఇస్తామంటే, నీ కెమెరాలో ఫోకస్ మోటారు లేదు కాబట్టి అది దానంతట అది ఫోకస్ అవదు. అయితే ఒకటికి ఒకటి దగ్గర ఆటో ఫోకస్ ఉన్నా పెద్దగా ఒరిగేదేమీ లేదు. రింగు ఒకచోట ఆపి, ఒళ్లే కాస్త ముందుకీ వెనక్కీ ఊపుతూ కన్ను స్పష్టమైన క్షణంలో నొక్కాలి. లెన్స్ రంధ్రం చిన్నది చేసి ఎఫ్11 పెట్టినా స్పష్టంగా వచ్చే మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. అందుకే పురుగు ఒంటికి సమాంతరంగా కెమెరా పట్టుకో. అంత చిన్న రంధ్రానికి వెలుతురు చాలదు. ఫ్లాష్ వేసి దాని ముందు తెల్లటి పల్చని కాగితం కట్టు. దగ్గరికి ఫోకస్ చేసేకొద్దీ తెర మీద ఎఫ్ అంకె దానంతట అదే పెరుగుతుంది, లెన్స్ పాడైందని కంగారు పడకు.

మిరపలో తామర పురుగుల్ని కూడా తీయాలన్నావు. అవి ఒక మిల్లీమీటరుకి అటూ ఇటూ ఉంటాయి. ఒకటికి ఒకటి తీసినా ఫొటో వెడల్పులో ఇరవయ్యో వంతు రావడమే కష్టం. వాటికి లెన్స్ ముందు తగిలించే రేనాక్స్ 250 అద్దం కొంత సాయపడుతుంది. అంతకు మించి కావాలంటే మీ కాలేజీలో మైక్రోస్కోప్ అడుగు. వెర్మాంట్ రాష్ట్రంలో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో మైక్రోస్కోప్‌కి కెమెరా తగిలించి ఒక్కొక్క మంచు స్ఫటికాన్నీ ఫొటో తీశాడు. జీవితకాలంలో అయిదు వేలకు పైగా తీశాడు. లెన్స్‌తో కాని పనిని దానితోనే చేయాలని పట్టుబట్టకు.

కొత్తదే కానక్కర్లేదు. ఇక్కడ వాడిన లెన్స్‌లు బాగానే దొరుకుతాయి, నేను టార్చి వేసి లోపల బూజు ఉందేమో చూసి తీసుకుంటాను. మీ సముద్రపు గాలికి బూజు త్వరగా పడుతుంది. గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ ఇప్పుడే కొని పెట్టుకో.

జనవరిలో వస్తున్నాను. 85 సరేనంటే అక్టోబరులోగా చెప్పు. వెతకడానికీ, తెచ్చేముందు మా పెరట్లో పరీక్షించడానికీ నాకు వ్యవధి ఉండాలి. మంచు పడ్డాక ఇక్కడ పురుగనేది కనిపించదు.

అమ్మనీ నాన్ననీ అడిగానని చెప్పు.

పెదనాన్న