కొడుకు పేర చేను రాసే ముందు ఆ రెండు వాక్యాలు రాయించండి

బ్యాంకు అప్పుకు పోయినా, పంట బీమాకు పోయినా మొదట అడిగేది పాసుపుస్తకమే. అందుకే మన కరువు సీమలో అరవై దాటిన రైతు "నా పేర ఉంటేనేం, పిల్లోని పేర ఉంటేనేం" అనుకుని, ఉన్న మూడెకరాల శెనక్కాయ చేనూ కొడుక్కు రాసిస్తాడు. వాన మొండికేసి, బోరు ఎండి, కొడుకు బెంగళూరు పనులకు పోతే ఊళ్లో మిగిలేది ముసలివాళ్లిద్దరే. అప్పటికి చేను వాళ్లది కాదు.

రైతులు రెండు కాగితాల మధ్య తేడా తెలుసుకోవాలి. వీలునామా రాసినవారు పోయాకే అమలవుతుంది. బతికున్నన్నాళ్లూ చేను మీదే, మనసు మారితే ఇంకొకటి రాసుకోవచ్చు. దాన సెటిల్‌మెంట్ అలా కాదు. రాసి రిజిస్టరు చేయిస్తే హక్కు అప్పుడే చేతులు మారుతుంది, మీ అంతట మీరు రద్దు చేసుకోవడం కుదరదు.

తొందర లేకుంటే వీలునామాయే మేలు. స్టాంపు కాగితం అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. సంతకం రానివారు వేలిముద్ర వేయవచ్చు. ఇద్దరు సాక్షులు మాత్రం తప్పనిసరి. ఆస్తి పొందేవారిని సాక్షిగా పెట్టుకోవద్దు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా, రేపు తగవు వస్తే అదే పనికొస్తుంది. మంచం పట్టినవారి ఇంటికే సబ్ రిజిస్ట్రారు వచ్చే ఏర్పాటు చట్టంలో ఉంది. పిత్రార్జితమైతే మీ వాటా వరకే రాయగలరు. అందులో ఆడబిడ్డకూ కొడుకుతో సమాన హక్కు ఉందని 2005 చట్ట సవరణ చెప్పగా, 2020లో సుప్రీంకోర్టు దాన్ని ఖరారు చేసింది. ముస్లిం రైతులు మూడో వంతుకు మించి రాయాలంటే వారసుల సమ్మతి కావాలి.

సెటిల్‌మెంట్ తప్పదనుకుంటే దస్తావేజులో రెండు వాక్యాలు ఉండాలి. "మేమిద్దరం బతికున్నంత కాలం ఈ చేను ఫలసాయం మేమే అనుభవిస్తాము" అన్నది ఒకటి. "మా తిండి, బట్ట, వైద్యం చూసే షరతు మీద ఇస్తున్నాము" అన్నది రెండోది. దస్తావేజు రాసే ఆయన ఇవన్నీ ఎందుకంటే, రాయాల్సిందేనని గట్టిగా చెప్పండి. ఫీజు ఇచ్చేది మీరే కదా!

ఆ రెండో వాక్యానికి బలం 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం, 23వ సెక్షన్. 60 ఏళ్లు నిండినవారు ఈ షరతుతో ఆస్తి ఇచ్చాక కొడుకు చూడకపోతే, ఆ బదిలీని ట్రిబ్యునల్ రద్దు చేయగలదు. షరతు లేకుంటే ఈ సెక్షన్ వర్తించదని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక కేసులో చెప్పింది. 2025 జనవరిలో మధ్యప్రదేశ్‌కు చెందిన ఒక తల్లి కేసులో మాత్రం, పోషిస్తానని కొడుకు విడిగా రాసిన కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని దానాన్ని రద్దు చేసింది. అంత దూరం పోకుండా దస్తావేజులోనే రాయించుకుంటే సరిపోతుంది.

మతి తప్పితే పనికొస్తుందని కొందరు కొడుక్కు పవరాఫ్ అటార్నీ రాసిస్తారు. రాసినవారు మతి తప్పినా, చనిపోయినా అది చెల్లదు. కాలూచెయ్యీ పడిపోయి మతి బాగుంటే మాత్రం చెల్లుతుంది. మతి తప్పాక వీలునామా కూడా కుదరదు కాబట్టి ఒంట్లో బాగున్నప్పుడే రాయాలి. బ్యాంకు ఖాతాలో భార్య పేరు కూడా చేర్చి, ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునేలా మార్పించండి.

చేను ఇప్పటికే రాసిచ్చి తిండికి ఇబ్బంది పడుతున్నవారు ఆర్డీవోకు అర్జీ ఇవ్వవచ్చు. ట్రిబ్యునల్ అధికారి ఆయనే. నెలకు 10,000 రూపాయల వరకు పోషణ ఖర్చు ఇప్పించే అధికారం ఉంది. అర్జీతో పాటు దస్తావేజు నకలు, ఆధార్, వయసు రుజువు జతచేయాలి.