న్యాయపాలనము – జనసుఖము

జనులకు సుఖమెట్లు కలుగును? ధనధాన్యములవలన నని కొందఱు, సద్గుణమువలన నని కొందఱు చెప్పుదురు. రెండును సత్యములే; కాని పాలకుడు న్యాయము తప్పినచో రెండును నిలువవు. ఇందుకు దృష్టాంతము దూరదేశములలో వెదకనక్కఱలేదు.

మందమర్రి బొగ్గుగనులకు ఉత్తరమున ఆసిఫాబాదు అడవులు గలవు. అచ్చట గోండులు, కొలాములు తరతరములుగా పోడు సేయుచు జీవించిరి. నిజాము ప్రభుత్వము అడవులను తన కట్టడిలోనికి తెచ్చి, వారు దున్నిన నేలనుండి వారినే వెడలగొట్టెను. పశువులు మేసిన పన్ను. కట్టె కొట్టిన దండుగ. చట్టముండెను గాని న్యాయము లేకుండెను. వారికి నాయకుడై నిలిచిన కొమురం భీము 1940లో జోడేఘాటున తుపాకులకు బలియయ్యెను.

పిమ్మట గాని ప్రభుత్వమునకు కారణము విచారింపవలెనను బుద్ధి పుట్టలేదు. హైమెండార్ఫను ఆస్ట్రియా దేశపు మానవశాస్త్రజ్ఞుడు ఆ పల్లెలలో నివసించి, వారి కష్టములను వారి నోటనే విని, నివేదికలు వ్రాసెను. 1943లో మార్లవాయియందు గోండుల విద్యాపథకము ఆరంభమయ్యెను. అనేక కుటుంబములకు పట్టాలు లభించెను. తుపాకి నెలకొల్పలేని శాంతికి పలకయు, పట్టాయు దారిచూపెను. ముందే విని యుండినచో ఆ రక్తపాతమేల?

అయినను పాలకుని ధర్మమొక్కటియే చాలదు. చదువు నేర్చిన పొరుగువాడు అప్పుపత్రముపై నిరక్షరుని వ్రేలిముద్ర వేయించుకొని నేల హరించినచో పట్టా యేమి కాపాడును? కావుననే 1970లో, గిరిజన ప్రాంతపు భూమి గిరిజనేతరుల పాలుగాకుండ చట్టమును బిగింపవలసివచ్చెను.

న్యాయము చట్టమున వ్రాయబడును. మన నడతయందు నిలుచును. పరుల దుఃఖముపై కట్టిన సుఖము సుఖము కానేరదు.