నా వెబ్‌సైటులో ఉచిత ఫారం పెట్టిన విధము

మన గోడపత్రికను చదవగలం గాని, దాని మీదే జవాబు రాయలేం గదా. నా వెబ్‌సైటూ అంతే. అడవి కూరల గురించి గూగుల్ సైట్స్‌లో ఒక పేజీ చేసుకున్నాను. మీ ఊళ్ళో వాటినేమంటారో రాయడానికి అందులో చోటు లేదు. అందుకే ఫారం పెట్టాను.

పేజీలో గళ్ళు గీసినంత మాత్రాన ఫారం కాదు. రాసింది ఒకచోట చేరి, నిలవ ఉండాలి. ఫిర్యాదుల పెట్టెకు తాళంచెవి ఎవరి దగ్గరుందో చూస్తాం గదా, ఇదీ అట్లాగే. గూగుల్ ఫారమ్స్ ఈ పని ఉచితంగా చేస్తుంది. ముందు అందులో ప్రశ్నలు రాసి పబ్లిష్ చేయాలి. తర్వాత సైట్స్‌లో 'ఇన్‌సర్ట్' కింద 'ఫారమ్స్' నొక్కి, మన ఫారాన్ని ఎంచుకోవాలి. పేజీని కూడా మళ్ళీ పబ్లిష్ చేయాలి. ఇది మరిచిపోయి నేను ఒక పూటంతా ఫారం రాలేదేమని కూర్చున్నా!

ఇక నా తప్పు చెప్తాను. పేరు, ఊరు, ఇంటి ఫోన్ నంబరు అన్నీ అడిగాను. ఫారం నింపినవాళ్ళకు అందరి జవాబులూ చూపించే మీట ఒకటి సెట్టింగ్స్‌లో ఉంటుంది. బాగుంటుందని అదీ నొక్కాను. మర్నాడు ఏడో తరగతి తమ్ముడొకడు వచ్చి, "అన్నా, మా నాయన నంబరు అందరికీ కనబడతాంది" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. వెంటనే మీట ఆపి, వచ్చిన నంబర్లన్నీ తీసేశాను. కూర పేరు తెలుసుకోడానికి వాళ్ళ నాయన నంబరు నాకెందుకు?

ఇప్పుడు రెండే ప్రశ్నలున్నాయి. కూర పేరు, ఊరి పేరు. ఆదివారం కంప్యూటరు గదికి వచ్చి రాసి పోండి.