కోడిపిల్లలను పెద్దకోళ్ళతో కలుపు విధానము

పెరటికోళ్ళను పెంచు ప్రతి గృహమునందును సంవత్సరమునకు ఒకటి రెండు మారులైనను క్రొత్తపిల్లలను పాతమందలో చేర్చవలసిన యవసరము కలుగును. పాతపెట్టలు వయసు మీరినకొలది గ్రుడ్లు తగ్గించును. కొన్ని తెగుళ్ళకు పోవును, కొన్ని పిల్లికిని ముంగిసకును దొరకును. వాని స్థానమును పిల్లలే నింపవలెను. ఈ పని మిక్కిలి సులభమని తలంచి, పలువురు ఆరు వారముల పిల్లలను గంపతో దెచ్చి సాయంకాలము గూటిలో విడిచి తలుపు మూయుదురు. మరునాడు ప్రొద్దెక్కి తలుపు తీయునప్పటికి రెండు మూడు పిల్లలు తలపై నెత్తురుతో పడియుండును. మిగిలినవి మూలలు చేరి, మేతకు రాక, దినదినమునకు కృశించును. ఆరు వారములు వెచ్చదనమును మేతయు కావలియు నిచ్చి పెంచిన శ్రమ ఒక్క ఉదయమున వ్యర్థమగును. గ్రుడ్లమ్మిన పైకముతో ఉప్పును నూనెయు కొను ఇల్లాలికి ఇది స్వల్పనష్టము కాదు. కొంచెము ఓపికయు, ఒక తడికయు ఉన్నచో ఈ నష్టమును తప్పించుకొనవచ్చును.

1. కోళ్ళు ఏల పొడుచును?

పెట్ట పిల్లను పొడుచుట కేవలము దుష్టస్వభావముచేత గాదు. ప్రతి మందయందును కోళ్ళకు తమలో తమకొక వరుస గలదు. మొదటి కోడి అన్నిటిని పొడువవచ్చును. దానిని ఏదియు పొడువదు. రెండవది మొదటిదానికి లోబడి, మిగిలినవానిని పొడుచును. ఇట్లు కడపటిదాని వరకు క్రమమేర్పడియుండును. నార్వే దేశీయుడగు షెల్డెరప్-ఎబ్బె యను శాస్త్రజ్ఞుడు కోళ్ళను చిరకాలము పరిశీలించి ఈ పొడుపువరుసను 1922వ సంవత్సరమున ప్రకటించెను. మేతకడను, నీటికడను, రాత్రి వాలు కర్రపైనను ఏది ముందో ఏది వెనుకో ఈ వరుసయే నిర్ణయించును. వరుస స్థిరపడిన మంద శాంతముగా నుండును.

క్రొత్తకోడి వచ్చినతోడనే ఈ వరుస చెదరును. దాని స్థానమెచ్చటనో తేలువరకు పోరు తప్పదు. కొద్దిపాటి పొడుపులను మనము ఆపజాలము, ఆపనక్కరయు లేదు. అయితే పొడుపు దెబ్బకు తాళగల బలమును, తప్పించుకొని పోవుటకు దారియు పిల్లకు ఉండవలెను. ఈ లేఖనమందు చెప్పబడు జాగ్రత్తలన్నియు ఈ రెంటికొరకే.

2. కలుపదగిన వయస్సు

తల్లి లేక పెరిగిన పిల్లలను పది వారములు నిండకమునుపు పెద్దకోళ్ళతో కలుపకుండుట మేలు. అప్పటికి ఒడలంతయు ఈకలు వచ్చి, ప్రత్యేకపు వేడి అవసరములేక, పరుగెత్తి తప్పించుకొను శక్తి కలుగును. వయస్సుకంటెను పరిమాణము ముఖ్యము. పాతపెట్టలు పెద్దజాతివైనచో పిల్లలు వాని శరీరమునకు ఇంచుమించు సరిపోవువరకు ఆగవలెను. ఒంటిపిల్లను ఎన్నడును కలుపరాదు. దెబ్బలన్నియు దానికే తగులును. నాలుగైదు పిల్లలను ఒక్కమారు కలిపినచో పొడుపులు పంచుకొనబడును.

అసీలు జాతి కోళ్ళు స్వభావముచేతనే పోరాటమునకు సిద్ధముగా నుండును. అట్టి మందలో ఇతరజాతి పిల్లలను చేర్చకుండుటయే మంచిది.

3. వ్యాధుల విషయము

పొడుపువలన చచ్చు పిల్లలకంటె కంటికి కనబడని తెగుళ్ళవలన చచ్చునవి తక్కువ గావు. పెద్దకోళ్ళు కొన్ని తెగుళ్ళ బీజములను మోయుచు తాము ఆరోగ్యముగానే యుండును; ఆ బీజములే లేతపిల్లలకు ప్రాణాంతకములగును. నెత్తురు విరేచనములు కలిగించు కాక్సిడియోసిస్ వ్యాధి ఇట్టిది. ఇది తడిసిన పొట్టులో వృద్ధిపొందును. కావున గూటిలో పరచిన ఊకను ఎల్లప్పుడు పొడిగా నుంచవలెను. నీటి పాత్ర చుట్టును తడిసిన ఊకను దినదినము తీసివేయవలెను. పిల్లల రెట్టలో నెత్తురు కనబడినచో జాగుచేయక పశువైద్యుని కడకు పోవలెను.

కొక్కెర తెగులునకు చికిత్స లేదు, టీకాయే శరణము. పొదుగబడిన 5 మొదలు 7 దినములలోపల కంటిలోగాని ముక్కులోగాని చుక్కలమందు వేయించి, ఎనిమిదవ వారమున ఇంజక్షను చేయించవలెను. పాతకోళ్ళకును టీకా జరిగినదో లేదో చూచుకొనవలెను.

సంతలో కొనిన పిల్లలనుగాని, ఆరు వారములు నర్సరీలో పెంచి రైతులకు పంచబడు వనరాజ వంటి పిల్లలనుగాని తెచ్చినప్పుడు నాలుగు వారములు ఇంటికి వేరొక దిక్కున ఉంచవలెను. ఇందువలన లోపల దాగియున్న తెగులు బయటపడును. ఎనిమిదవ వారపు టీకాయు ఈ గడువులోనే పూర్తియగును. ఈ దినములలో ముందుగా పిల్లలకు మేతనీరు పెట్టి, పిమ్మట పెద్దకోళ్ళ కడకు పోవలెను; తిరిగి పిల్లల కడకు పోవలసివచ్చినచో కాలుచేతులు కడుగుకొనవలెను.

4. తడిక వెనుక పరిచయము

విడిగా నుంచు గడువు ముగిసిన పిదప గూటిలో ఒక భాగమును వెదురుతడికతోగాని ఇనుపవలతోగాని వేరుచేసి పిల్లలను అందుంచవలెను. రెండు పక్షములును ఒకదానినొకటి చూడవలెను, కాని పొడువజాలకుండవలెను. తడిక కన్నములు పెట్ట తల దూరనంత చిన్నవిగా నుండవలెను. తడికకు ఇరుప్రక్కల దగ్గరదగ్గరగా మేత వేసినచో, ఒకే వేళ ప్రక్కప్రక్కల తినుటకు అలవాటుపడును. మొదట పెట్టలు తడికవద్ద నిలిచి మెడయీకలు నిక్కించును. క్రమముగా లక్ష్యపెట్టక తమ పని చూచుకొనును. ఆ నిర్లక్ష్యమే మనము కోరు గుర్తు. ఇందులకు సాధారణముగా రెండు వారములు పట్టును.

5. స్థలము, వాలు కర్రలు

ఇరుకైన గూటిలో ఏ యుపాయమును పనిచేయదు. ఒక్కొక్క కోడికి రెండు చదరపు టడుగులైనను నేల యుండవలెను. ఉదాహరణమునకు ఆరు పెట్టలును, ఒక పుంజును ఉన్న ఇంట పది పిల్లలను చేర్చదలచినచో మొత్తము పదునేడు కోళ్ళగును. వానికి 34 చదరపు టడుగులు కావలెను. అనగా ఆరడుగుల పొడవును ఆరడుగుల వెడల్పును గల గూడు చాలును. వాలు కర్రపై కోడి ఒక్కింటికి 8 అంగుళముల చొప్పున 136 అంగుళములు కావలెను. ఆరడుగుల కర్రలు రెండు సరిపోవును. కర్రలు రెండును ఒకే ఎత్తున నుంచవలెను. ఒకటి ఎత్తుగా నున్నచో దానికొరకే ప్రతి సాయంకాలము పోరు జరుగును.

మేతతొట్లును నీటిపాత్రలును ఒకదానికి బదులు రెండు మూడు చోట్ల దూరదూరముగా నుంచవలెను. లేనిచో మొదటి వరుస పెట్ట తొట్టికి అడ్డుగా నిలిచి పిల్లలను ఆకలితో మాడ్చును. ఒక మూలలో పిల్లలు దూరగలిగియు పెట్టలు దూరలేనియు సందుగల చిన్న దడి కట్టి, లోపల కొంత మేతయు నీరును ఉంచుట మిక్కిలి మేలు.

6. కలుపు దినము

మొదట పగటివేళ ఆరుబయట ఒక గంటసేపు కలిపి, మనుష్యులు దగ్గరనుండి చూడవలెను. బయట తప్పించుకొను దారులు పెక్కు. పెట్టలకు ఆకుకూరలుగాని చెదలుగాని చల్లినచో వాని దృష్టి మేతపై నుండును. దినదినమునకు ఈ కాలమును హెచ్చించి, పిమ్మట తడిక తీసివేయవలెను. చీకటిలో కోళ్ళు కదలవు గనుక రాత్రి పిల్లలను కర్రపై నుంచుట మంచిదే. కాని మరునాడు తెల్లవారకముందే లేచి తలుపు తీయవలెను. మూసిన గూటిలో వెలుతురు వచ్చిన మొదటి గడియయే పిల్లలకు ప్రమాదకరము.

తరుముటయు, తలపై ఒకటి రెండు పొడుపులును సహజములు, వానికి అడ్డుపడరాదు. నెత్తురు కనబడినచో మాత్రము వెంటనే ఆ పిల్లను వేరుచేయవలెను. ఎరుపును జూచి మిగిలిన కోళ్ళన్నియు అచ్చటనే పొడుచును. గాయమును శుభ్రపరచి పసుపు అద్ది, మానువరకు తడిక వెనుకనే యుంచవలెను. సాయంకాలము ప్రతి పిల్ల మెడక్రింద మేత నిలుచు సంచిని తడిమి చూడవలెను. అది ఖాళీగా నున్నచో పిల్లకు మేత అందుటలేదని గ్రహింపవలెను.

ఒకే పెట్ట పట్టుబట్టి వేధించుచున్నచో పిల్లను గాక ఆ పెట్టనే మూడు నాలుగు దినములు వేరుగా నుంచవలెను. అది తిరిగి వచ్చునప్పటికి తానే క్రొత్తదాని వలె తన స్థానమును వెదకికొనవలసివచ్చును. దాని యుద్ధోత్సాహము తగ్గును.

7. ఉమ్మడి మేత

గ్రుడ్లుపెట్టు కోళ్ళ మేతలో సున్నపుపాలు నూటికి మూడున్నర వంతులకు మించియుండును. అది పిల్లల మూత్రపిండములకు హాని చేయును. కావున కలిసియున్నంతకాలము అన్నిటికిని ఎదుగు పిల్లల మేతనే పెట్టి, ఆల్చిప్పల పొడిని వేరొక పాత్రలో నుంచవలెను. అవసరమున్న పెట్టలు తామే తినును.

8. పొదుగు పెట్ట సహాయము

పొదుగుచున్న పెట్ట ఉన్నచో పని సులభము. ఒకటి రెండు దినముల పిల్లలను రాత్రివేళ దాని రెక్కలక్రింద నుంచినచో తరచుగా తనవిగా స్వీకరించును. తెల్లవారి తప్పక చూచుకొనవలెను. తల్లియే పిల్లలను మందలో త్రిప్పి ఇతర పెట్టలను తరుమును. రెండు నెలల వయస్సున తల్లి వానిని విడిచిపెట్టునప్పటికి అవి మందకు క్రొత్తవి కావు.

సారాంశము: పిల్లలను పది వారములు పెరుగనిండు, టీకాలు వేయించుడు, నాలుగు వారములు దూరముగాను, రెండు వారములు తడిక వెనుకను ఉంచుడు, గుంపుగా కలుపుడు, మేతను పలుచోట్ల నుంచుడు, నెత్తురు కనబడిన పిల్లను వెంటనే వేరుచేయుడు. ఈ ఆరు మాటలు పాటించిన రైతు పెంచిన పిల్లలలో పెక్కింటిని గ్రుడ్లుపెట్టు పెట్టలుగా చూడగలడు.