ముందు ఏ బండిని లోపలికి వదలాలి?

జూన్ వచ్చిందంటే చిత్తూరు జిల్లాలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు తోతాపురి మామిడి బండ్లు బారులు తీరతాయి. 2025 సీజన్లో ఆ బారులు ఎంత దూరం సాగాయో, కాయ బండి మీదే ఎలా మెత్తబడిందో మనవాళ్లంతా చూశారు. ధర సంగతి ప్రభుత్వం దాకా వెళ్లి కిలోకు 12 రూపాయలు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4 అని తేలింది. గేటు దగ్గర వరస మాత్రం రోజూ అక్కడే తేలాలి. ముందొచ్చిన బండిని వదలాలా, కాయ బాగా మాగిన బండినా? పెద్ద లారీనా, చిన్న రైతు ట్రాక్టరునా? టోకెన్లు రాసే సూపర్‌వైజరు పగలూ రాత్రీ దీనికి జవాబు చెబుతూనే ఉంటాడు, ఎక్కువగా అలవాటు మీద.

ఇలాంటి నిర్ణయాలు మీ ఉద్యోగంలోనూ ఉంటే, అది శ్రీసిటీలో ప్రొడక్షన్ ప్లానింగ్ కావచ్చు, రేణిగుంట వైపు క్వాలిటీ చెకింగ్ కావచ్చు, జెనెటిక్ ప్రోగ్రామింగ్ అనే పద్ధతి మీకు అక్కరకొస్తుంది. పేరు చూసి జీవశాస్త్రం అనుకుని పక్కన పెట్టేయకండి.

పని ఇలా జరుగుతుంది. మీ రిజిస్టరులో ఉన్న గడులను, అంటే బండి ఎంతసేపు ఆగింది, బరువెంత, కాయ ఎంత మాగింది అన్నవాటిని కంప్యూటరుకు ఇస్తారు. అది వాటిని కూడికలు, తీసివేతలు, హెచ్చింపులతో అడ్డదిడ్డంగా కలిపి ఓ వెయ్యి సూత్రాలు పుట్టిస్తుంది. కిందటేడు ఆ సూత్రం ప్రకారం బండ్లు వదిలి ఉంటే ఏమయ్యేదో లెక్క కట్టి ఒక్కోదానికి మార్కులు వేస్తుంది. మంచి మార్కులొచ్చిన వాటిని ఉంచుకుని, మామిడికి అంటు కట్టినట్టు ఒకదాని కొమ్మను ఇంకోదానికి అతికించి, అక్కడక్కడ ఓ ముక్క మార్చి తర్వాతి తరం తయారు చేస్తుంది. పదుల తరాలు గడిచేసరికి పనికిరానివి చాలావరకు రాలిపోతాయి. ఇదే కోవలో ముందు వచ్చిన, జాన్ హాలండ్ 1975లో పుస్తకంగా తెచ్చిన జెనెటిక్ ఆల్గరిథమ్ మంచి అంకెల కోసమో, మంచి వరస కోసమో వెతుకుతుంది. జాన్ కోజా 1992లో తెచ్చిన పుస్తకంతో సూత్రాన్నే, ప్రోగ్రామునే ఇలా పెంచే పద్ధతి ఊపందుకుంది. ఏ పనిని ముందు మిషను ఎక్కించాలో చెప్పే సూత్రాలను ఇలా పెంచడం మీద న్యూజిలాండ్‌లోని విక్టోరియా యూనివర్సిటీ ఆఫ్ వెల్లింగ్టన్ ఏళ్ల తరబడి పనిచేస్తోంది. మన గేటు సమస్య అచ్చంగా ఆ కోవలోదే.

ఇందులో మీ వాటా మార్కులు వేసే పద్ధతి రాయడం. ఉద్యోగంలో మీకు విలువ తెచ్చేది అదే. మీరు ఏది అడిగితే యంత్రం దాన్నే తెచ్చిస్తుంది, మీ మనసులో ఉన్నది తేదు. ప్రోగ్రాముల్లో తప్పులు దిద్దే జెన్‌ప్రోగ్ అనే వ్యవస్థకు ఓసారి జాబితాను వరసలో పెట్టే ప్రోగ్రామును బాగుచేయమని ఇచ్చారు. అది ఎప్పుడూ ఖాళీ జాబితానే ఇచ్చేలా మార్చేసింది. ఖాళీ జాబితా ఎప్పుడూ వరసలోనే ఉంటుంది కాబట్టి పరీక్ష పాసైంది! గేటు దగ్గరా అంతే. రోజుకు ఎన్ని టన్నులు ఆడామన్నదే మార్కుగా పెడితే, సూత్రం పెద్ద లారీలనే లోపలికి పిలుస్తుంది. రెండు టన్నుల ట్రాక్టరుతో వచ్చిన రైతు తెల్లవార్లూ రోడ్డు మీదే ఉంటాడు. అందుకే అందరికంటే ఎక్కువసేపు ఆగిన బండి ఎన్ని గంటలు ఆగింది, ఎంత కాయ పారబోశాం అన్నవి కూడా మార్కుల్లోకి రావాలి. ఈ సంగతి గేటు దగ్గర నిలబడినవాళ్లకు తెలిసినట్టు బెంగళూరులో కూర్చున్న ఇంజినీరుకు తెలియదు.

రెండు మూడు కొలతలు ఒకదానితో ఒకటి పడనప్పుడు ఐఐటీ కాన్పూర్ నుంచి కల్యాణ్మయ్ దేబ్ బృందం 2002లో ప్రచురించిన ఎన్ఎస్‌జీఏ-2 అనే పద్ధతి వాడండి. అది ఒక్క జవాబు ఇవ్వదు. ఇంత టన్నేజీ వదులుకుంటే నిరీక్షణ ఇంత తగ్గుతుందని చూపించే జవాబుల జాబితా ఇస్తుంది. ఎంపిక మేనేజరుకు వదిలేయండి.

జెనెటిక్ ప్రోగ్రామింగ్ ఎక్కడైనా నిలబడిందా అని పైవాళ్లు అడుగుతారు, అడగాలి కూడా. సత్యం కంప్యూటర్స్ లెక్కల కుంభకోణం బయటపడిన రెండేళ్లకు, 2011లో, హైదరాబాదులో రిజర్వు బ్యాంకు స్థాపించిన ఐడీఆర్‌బీటీ నుంచి వడ్లమాని రవి, సహ పరిశోధకులు తప్పుడు ఆర్థిక నివేదికలు పట్టే పద్ధతులను 202 చైనా కంపెనీల లెక్కల మీద పోల్చి చూశారు. ముఖ్యమైన గడులను మాత్రమే ఏరి ఇచ్చినప్పుడు జెనెటిక్ ప్రోగ్రామింగూ, ఒక రకం న్యూరల్ నెట్‌వర్కూ దాదాపు సమానంగా మిగతావాటిని మించాయి. నా దృష్టిలో అసలు లాభం ఇంకోటి ఉంది. సూత్రం కాగితం మీద కనిపిస్తుంది. ఆడిటరుకు చూపించొచ్చు, గేటు దగ్గర అతికించొచ్చు, రైతు నిలదీస్తే వివరించొచ్చు. ఆ సౌకర్యం న్యూరల్ నెట్‌వర్కులో దొరకదు.

నేర్చుకోవడానికి మామూలు ల్యాప్‌టాప్, కొంచెం పైథాన్ చాలు. గడుల నుంచి ఒక అంకెను అంచనా వేయడానికి, ఉదాహరణకు లోడు బరువు, బ్రిక్స్ (కాయ తీపి కొలత) చూసి గుజ్జు దిగుబడి చెప్పడానికి, జీపీలెర్న్ అనే పైథాన్ లైబ్రరీ సరిపోతుంది. మీరేమీ మార్చకపోతే అది వెయ్యి సూత్రాలతో ఇరవై తరాలు నడుస్తుంది. గేటు వరసలాంటి దానికి బండ్ల రాకపోకలను అనుకరించే చిన్న ప్రోగ్రాము మీరే రాసుకోవాలి, దానికి డీఈఏపీ అనే లైబ్రరీ అనుకూలం. పోలీ, లాంగ్డన్, మెక్‌ఫీ రాసిన 2008 నాటి జెనెటిక్ ప్రోగ్రామింగ్ ఫీల్డ్ గైడ్ పుస్తకం ఉచితంగా దొరుకుతుంది. తరాలు గడిచేకొద్దీ సూత్రాలు అర్థంపర్థం లేకుండా పొడుగు పెరుగుతాయి, కాబట్టి పొడుగుకు మార్కులు కోయండి. సీజన్ ఆఖరి రెండు వారాల లెక్కలు దాచిపెట్టి, వాటి మీదే పరీక్షించండి. ముందొచ్చినవారికే ముందు అనే పాత పద్ధతిని అక్కడ ఓడించలేకపోతే పాతదే ఉంచండి.

కంపెనీ లెక్కలను పెన్‌డ్రైవులో ఇంటికి తెచ్చుకోకండి. రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, రైతుల పేర్లు తీసేసి, ఆఫీసు కంప్యూటరు మీదే చేయండి. మేనేజరు దగ్గర పద్ధతి పేరు ఎత్తకుండా సమస్యతో మొదలుపెట్టండి. రెజ్యూమెలోనూ అంతే: సమస్య, మార్కులు వేసిన తీరు, పాత పద్ధతి ఫలితం, కొత్తదాని ఫలితం, ఈ నాలుగూ నాలుగు వాక్యాల్లో రాయండి. జెనెటిక్ ప్రోగ్రామింగ్ పేరుతో ఉద్యోగ ప్రకటనలు అరుదు. ఆపరేషన్స్ రీసెర్చ్, డేటా సైన్స్ కింద వెతకండి. ఒక్క మాట, నెలకు నాలుగైదుసార్లే వచ్చే నిర్ణయానికి ఈ పద్ధతంతా దండగ.

వచ్చే సీజన్‌కు చేయాలనుకుంటే రిజిస్టరు ఇప్పుడే మార్చించండి. కాటా చీటీలో తూకం వేసిన టైము ఉంటుంది గానీ బండి గేటు చేరిన టైము ఉండదు. చేరిన టైము, లోపలికి వదిలిన టైము, నికర బరువు, పారబోసిన కాయ వేర్వేరు గడుల్లో రాయించండి. మాగుదలను మంచిది, ఫర్వాలేదు అని రాయకుండా ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయమనండి, రెండు షిఫ్టుల వాళ్లూ ఒకే కొలతతో వేసేలా నమూనా కాయల ఫోటోలు గేటు దగ్గర పెట్టండి.