ముందు ఆగాలి, తర్వాతే మెరవాలి

జగదల్‌పూర్‌ దసరా రథం కట్టేవాళ్లది ఒక పద్ధతి. మన పంచాంగంలో ఆషాఢ అమావాస్య, అక్కడి లెక్కలో శ్రావణ అమావాస్య. ఆ రోజు పాట్ జాత్రా పేరుతో మొదటి దుంగకు పూజ చేస్తారు. తర్వాత బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ ఊళ్ల పనివాళ్లు పట్నం వచ్చి దిగుతారు. పండుగ 75 రోజులది. ఓరుగల్లు కాకతీయుల సంతతిగా చెప్పుకునే బస్తర్ రాజుల్లో పురుషోత్తమదేవుడు దీన్ని మొదలుపెట్టాడంటారు. రథం ఏ రోజు కదలాలో పనివాళ్లకు మొదటి రోజే తెలుసు. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని పని సాగిస్తారు. చక్రాలు, ఇరుసులు కుదిరాకే గుడ్డలు, పూలు.

కిరండూల్, బచేలీ గనుల కాలనీల్లోనూ జగదల్‌పూర్‌ బజారులోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ పద్ధతి ఇంకో పనికి కూడా అక్కరకొస్తుంది. నాన్నగారు కొన్న అంబాసిడరో, ఫియట్టో, జీపో షెడ్డులో టార్పాలిన్ కప్పుకుని ఉంటుంది. షిఫ్టులు చేసుకుంటూనే దాన్ని మళ్లీ నడిపించాలని, జనవరి 26న నలుగురి ముందూ నిలబెట్టాలని కోరిక. ఆ కోరికతో బండిని నేరుగా పెయింటర్ దగ్గరికి తోలేవాళ్లే ఎక్కువ. రంగు మెరుస్తుంది, బండి కదలదు. కదిలినా ఆగదు.

స్పానరు కంటే ముందు ఫైలు

మొదట ఆర్‌సీ తీసి చూడండి. అందులోని ఇంజిన్, ఛాసిస్ నంబర్లు బండి మీదున్నవాటితో కలవాలి. నాన్నగారు కాలం చేసి, బండి ఇంకా ఆయన పేరునే ఉంటే మార్పిడికి ఫారం 31 పెట్టాలి. ఓనరు పోయిన 30 రోజుల్లో ఆర్‌టీఓకు తెలియజేయాలని, మూడు నెలల్లో దరఖాస్తు ఇవ్వాలని చట్టం. గడువు ఏనాడో దాటిపోయి ఉంటే దాచకుండా వెళ్లి చెప్పండి. అక్కచెల్లెళ్లు, అన్నదమ్ముల సమ్మతి సంతకాలు డబ్బు ఖర్చు పెట్టకముందే తీసుకోండి. తుప్పు పట్టినన్నాళ్లు ఎవరూ అడగని బండికి మెరుపు వచ్చాక వాటాదారులు పుడతారు. బండి ఆంధ్రలోనో తెలంగాణలోనో రిజిస్టరై ఉండి, 12 నెలలకు మించి ఛత్తీస్‌గఢ్‌లో ఉంచుతుంటే అక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ రిజిస్టర్ చేయించాలి.

తర్వాత వయసు లెక్క. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న సొంత కారును, మోటారు సైకిలును వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. ఛాసిస్, బాడీ, ఇంజిన్ గణనీయంగా మార్చిన బండికి ఆ అవకాశం లేదు. కొత్త నమోదుకు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. ఆ పైన మళ్లీ చేయించుకోవడానికి 5,000. కొత్తగా నమోదయ్యే బండికి ‘వీఏ’ అక్షరాలున్న నంబరు ఇస్తారు. ఇదివరకే రిజిస్టరై ఉన్న బండి తన పాత నంబరునే ఉంచుకోవచ్చు. నాన్నగారి నంబరు మీద మమకారం ఉన్నవాళ్లకు ఇది మంచి మాట.

అయితే వింటేజ్ బండిని ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు తప్ప రోజువారీగా రోడ్డెక్కించకూడదు. కిరాయికి తిప్పకూడదు. డ్యూటీకి దానిమీదే వెళ్లాలనుకుంటే ఆ జోలికి పోకుండా మామూలు ఆర్‌సీనే ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యూవల్ చేయించుకోండి. ఈ రెండింట్లో ఏది కావాలో ఇప్పుడే తేల్చుకోవాలి. చేయించే పని దాన్నిబట్టి మారుతుంది.

వానల్లో ఇంజిన్, చలిలో రంగు

బస్తర్ వాన కారుకు పగ. గాలిలో చెమ్మ ఉన్నప్పుడు కొట్టిన రంగు పాలిపోయి తెల్లమసక పడుతుంది. కింద చిక్కిన తడి ఏడాది తిరక్కుండానే బుడగలై లేస్తుంది. కాబట్టి జూన్ నుంచి సెప్టెంబరు దాకా పని షెడ్డు లోపలే జరగాలి: ఇంజిన్, బ్రేకులు, వైరింగు. దసరా వెళ్లాక టింకరింగ్. దీపావళి దాటాక రంగు. డిసెంబరంతా ఊరి చుట్టూ ట్రయల్. జనవరిలో ప్రదర్శన. ఈఎల్ మొత్తం ఒకేసారి తీసుకుని కూర్చోకండి. బండి దగ్గర మీరు తప్పనిసరిగా ఉండాల్సిన రోజులు మూడే: ఇంజిన్ దించే రోజు, తుప్పు గీకి రేకు బయటపెట్టే రోజు, రంగుకు ముందు ప్రైమర్ ఆరిన రోజు. సెలవు వాటికి దాచుకోండి. నైటు షిఫ్టు దిగి వచ్చి మాత్రం జాకీ మీదున్న బండి కిందికి దూరకండి. మామూలు రోజుల్లోనూ జాకీని నమ్మకుండా స్టాండ్లు పెట్టే దూరండి.

డబ్బు, మేస్త్రీ

మొత్తం ఎంతవుతుందని అడిగితే నిజాయితీ ఉన్న ఏ మేస్త్రీ చెప్పలేడు. పుట్టీ గీకితే గానీ కింద రేకు ఎంత మిగిలిందో తెలియదు. అందుకే పనిని ముక్కలు చేసి, ముక్కకో ధర, ముక్కకో తేదీ రాసుకోండి. సామానుకు మాత్రమే అడ్వాన్సు, కూలి పని అయ్యాక. పాత సామాను ఏదీ మీకు చూపకుండా తూకానికి వేయకూడదని మొదటి రోజే చెప్పండి. ఇంటి ఖర్చులు పోను మిగిలిన దాంట్లోంచే ఈ పని నడవాలి. డబ్బు ఆగిన నెల పనీ ఆగితే తప్పులేదు. బండి ఇన్నేళ్లు ఆగింది. పీఎఫ్ సొమ్ము మాత్రం కదపకండి.

సామానుకు విశాఖ ఆటోనగర్, విజయవాడ ఆటోనగర్, సికింద్రాబాద్ రాణిగంజ్ ఉన్నాయి. అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి దాని విడిభాగాలు దొరకడం తేలిక. ఏ మార్కు బండికి ఏ భాగం అన్నది చూసి కొనండి. ఫోనులో పేరు చెప్పి తెప్పించుకోకుండా, పాత ముక్క చేత్తో పట్టుకెళ్లి పక్కన పెట్టి పోల్చండి.

పని వరస

ఏళ్ల తరబడి నిలిచిపోయిన ఇంజిన్‌కు బ్యాటరీ తగిలించి తాళం తిప్పడం కంటే పెద్ద పాపం లేదు. ప్లగ్గులు విప్పి, ఒక్కో సిలిండర్లో కాస్త ఆయిలు వేసి, ఒకటి రెండు రోజులు నాననివ్వండి. తర్వాత ముందునుంచి హ్యాండిల్ పెట్టి చేత్తో మెల్లగా తిప్పండి. బిగుసుకుంటే బలవంతం వద్దు. పాత పెట్రోలు మొత్తం దించేయండి. ట్యాంకు కారుతుంటే, లోపలి ఆవిరి పోయేలా కడిగించకుండా వెల్డింగ్ పెట్టనివ్వకండి. అలాంటి ట్యాంకు బాంబులా పేలుతుంది.

ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాతకాలపు రబ్బరు గొట్టాలు, పంపు డయాఫ్రం, కార్బురేటర్ గాస్కెట్లు దానికి ఉబ్బి చీలుతాయి. ఇథనాల్‌కు తట్టుకునేవి వేయించండి. 2000 ఫిబ్రవరి నుంచి దేశంలో సీసం కలిపిన పెట్రోలు లేదు. ఆ సీసం ఉంటుందన్న లెక్కతో చేసిన వాల్వు సీట్లు అది లేకపోతే అరుగుతాయి. ఎలాగూ హెడ్డు దించారు కాబట్టి గట్టి సీట్లు వేయమని లేత్ షాపులో చెప్పండి.

అసలు సంగతి బ్రేకులు. జగదల్‌పూర్‌ నుంచి రాయ్‌పూర్ వెళ్లాలంటే కేశ్‌కాల్ ఘాట్, విశాఖ వెళ్లాలంటే కోరాపుట్, సాలూరు ఘాట్. పాత బండికి నాలుగు చక్రాలకీ డ్రమ్ములే. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచితే డ్రమ్ము కాగి లైనర్ పట్టు తప్పుతుంది, పెడల్ ఉన్నా పని చేయదు. బండిని గేరులోనే దించాలి. మాస్టర్ సిలిండర్, వీల్ సిలిండర్లు, గొట్టాలు, లైనర్లు అన్నీ కొత్తవి వేయించండి. ఇక్కడ బేరం పనికిరాదు. డ్రమ్ము విప్పినప్పుడు లోపల బైలడిలా గనుల ఎర్రమట్టితో కలిసి గట్టిపడిన దుమ్ము ఉంటుంది. దాన్ని కంప్రెసర్ గాలితో ఊదనివ్వకండి. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉంటుంది, అది ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. తడిగుడ్డతో తుడిచి ఆ గుడ్డ పారేయాలి.

ఘాట్ ఎక్కేటప్పుడు వేడికి పెట్రోలు గొట్టంలోనే ఆవిరై ఇంజిన్ ఆగిపోవడం మామూలే. పాత డ్రైవర్లు బానెట్ ఎత్తి, పంపు మీద తడిగుడ్డ కప్పి, ఒక బీడీ కాల్చేంతసేపు ఆగేవారు. గుడ్డ తీసుకెళ్లండి, బీడీ వద్దు.

ఎంత మార్చాలి?

దసరాకు ఒక ఏడు నాలుగు చక్రాల ఫూల్ రథం కొత్తగా కడితే, మరుసటి ఏడు ఎనిమిది చక్రాల విజయ రథం కడతారు. అక్కడ కర్ర పోతుంది, పనితనం మిగులుతుంది. కారులో మిగలాల్సింది ఆ రేకే, ఆ ఇంజినే. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య 2012లో ఆమోదించిన ట్యూరిన్ చార్టర్ కూడా ముందు ఉన్నదాన్ని కాపాడమంటుంది. డీజిల్ ఇంజిన్ ఎక్కించడం, పవర్ స్టీరింగ్, అల్లాయ్ చక్రాలు వద్దు. నాన్నగారి చెయ్యి ఆని నున్నబడిన స్టీరింగ్‌ను పాలిష్ పట్టించకండి. చిరిగిన సీటు కుట్టించండి, కొత్త రెక్సిన్ గురించి తర్వాత ఆలోచించవచ్చు. విప్పే ప్రతి భాగాన్నీ ముందు ఫోటో తీసి, నట్లూ బోల్టులూ విడివిడి సంచుల్లో వేసి పేరు రాయండి. ప్రదర్శనలో ఆ ఫోటోలే మీకు సాక్ష్యం.

జనం ముందుకు

మొదటి ప్రదర్శన ఢిల్లీలో కానక్కర్లేదు. స్కూలు మైదానమో, కాలనీ గ్రౌండో చాలు. గ్రౌండు వాళ్లతోనూ పోలీసులతోనూ ముందే మాట్లాడుకోండి. రథం తిరిగే రోజుల్లో ఆ వీధుల్లోకి బండి తీసుకెళ్లే ఆలోచన మానుకోండి. ఇన్సూరెన్స్‌లో బండి విలువ ఎంతన్నది కంపెనీతో మాట్లాడుకుని పాలసీలో రాయించుకోండి. ఆ రోజు బ్యాటరీ వైరు తీసేయండి, చక్రాలకు అడ్డం పెట్టండి, మంటలార్పే సిలిండరు ఒకటి అందుబాటులో ఉంచండి. బండి పక్కన చిన్న బోర్డు పెట్టండి: ఏ సంవత్సరం బండి, ఎవరు కొన్నారు, ఎవరు బాగుచేశారు. హిందీలో, హల్బీలో, తెలుగులో రాయండి. మేస్త్రీ పేరు తప్పకుండా ఉండాలి. ఆయన్నీ పిలవండి. పిల్లలు ఎక్కి కూర్చుంటామంటే ఒక్కొక్కరినీ కూర్చోనివ్వండి.

బయల్దేరే రోజు పొద్దున్నే ఖాళీ చోట నాలుగుసార్లు బ్రేకు కొట్టి చూడండి. ఒక్కసారి పక్కకు లాగినా, పెడల్ మెత్తగా దిగినా బండి షెడ్డులోనే ఉండాలి. వచ్చే ఏడాది కూడా జనవరి 26 వస్తుంది.